మాట నడిచే దారులు

రెండడుగుల పొడుగున్న సన్నని కర్ర ఒకటి తీసుకోండి. దాన్ని కుడిచేతి చూపుడువేలి కొసమీద నిటారుగా నిలబెట్టండి. అది పడిపోకుండా ఎన్ని సెకన్లు నిలిచిందో గడియారం చూసి రాసిపెట్టమని మీ స్నేహితుడికి చెప్పండి. ఇలా పదిసార్లు చేసి సగటు కట్టండి. తరవాత ఎడమచేతి వేలిమీద కూడా పదిసార్లు చెయ్యండి.

ఇప్పుడు ప్రయోగంలో రెండో భాగం. కర్రను నిలబెడుతూనే పైకి మాట్లాడుతూ ఉండండి. నిన్న బడిలో ఏమేం జరిగిందో వరసగా చెప్పండి చాలు. మళ్ళీ కుడిచేతితో పదిసార్లు, ఎడమచేతితో పదిసార్లు.

1971లో కిన్స్‌బర్న్, కుక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుడిచేతి వాటంగల వారిచేత ఇదే ప్రయోగం చేయించారు. మాట్లాడుతున్నప్పుడు కుడిచేతి వేలిమీది కర్ర తొందరగా పడిపోయింది. ఎడమచేతి విషయంలో అటువంటి నష్టమేమీ కనిపించలేదు! మీ ఒక్కరి అంకెల్లో తేడా స్పష్టంగా తెలియకపోవచ్చు. తరగతిలోని వారందరూ చేసి, అందరి అంకెలూ కలిపి సగటు కడితే తెలిసే అవకాశం ఎక్కువ.

మాట్లాడేది నోటితో కదా, మధ్యలో కుడిచేతికి వచ్చిన ఇబ్బంది ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు మెదడులో ఉంది. మెదడు చూడటానికి ఒకటే ముద్దలా ఉన్నా, నడిమధ్యన లోతైన చీలికతో రెండు అర్ధగోళాలుగా విడివడి ఉంటుంది. కుడిచేతిని నడిపేది ఎడమ అర్ధగోళం, ఎడమచేతిని నడిపేది కుడి అర్ధగోళం. మనలో చాలామందికి మాటల పని కూడా ఎక్కువగా ఎడమ అర్ధగోళానిదే. ఒకే గుమాస్తాకు ఒకేసారి రెండు పనులు అప్పగించినట్లు, మాటనూ కర్రనూ కలిపి చూసుకోవలసి వచ్చేసరికి ఎడమ అర్ధగోళం తడబడుతుంది.

అయితే ఎడమ అర్ధగోళానికే ఈ పని ఎందుకు వచ్చింది? కుడి అర్ధగోళం చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది కదా! రెంటిలోనూ నాడీకణాలున్నాయి, ముడతలున్నాయి. శాస్త్రజ్ఞులు నూటయాభై ఏళ్ళకు పైగా ఈ తేడా కోసం వెతుకుతున్నారు. మొదట వాళ్ళు మెదడులోని స్థలాలను చూశారు. తరవాత ఆ స్థలాలను కలిపే దారులను చూశారు. అసలు విశేషం ఆ దారుల్లోనే బయటపడింది.

ఒక్క మాటతో ఇరవై ఒక్క సంవత్సరాలు

పారిస్ దగ్గర బిసెత్ర్ అనే ఆసుపత్రిలో 1840లో లెబోర్న్ అనే రోగి చేరాడు. అతడు మాట పోగొట్టుకున్నాడు. ఏది అడిగినా "టాన్, టాన్" అనేవాడు. ఆసుపత్రిలో అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారు. కాని ఇతరులు చెప్పేది అతనికి చాలావరకు అర్థమయ్యేది. చేతి సైగలతో, ఆ ఒక్క మాటనే రకరకాలుగా పలికి తన భావం తెలియజెయ్యటానికి ప్రయత్నించేవాడు. కొన్నేళ్ళకు అతని కుడిచెయ్యి, కుడికాలు కూడా పడిపోయాయి.

1861 ఏప్రిల్‌లో అతను పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడి దగ్గరకు వచ్చాడు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 17న మరణించాడు. బ్రోకా మెదడును తీసి చూస్తే, ఎడమ అర్ధగోళం ముందుభాగంలో కొంత మేర పాడైపోయి ఉంది. మర్నాడే ఆ సంగతి పారిస్‌లోని మానవశాస్త్ర సంఘానికి తెలియజేశాడు. కొద్ది నెలల్లో ఇటువంటి రెండో రోగి తారసపడ్డాడు. అతనికి మిగిలినవి అయిదే మాటలు. అతని మెదడులోనూ దెబ్బ దాదాపు అక్కడే ఉంది. తరవాత మరికొందరిని పరిశీలించి, 1865లో బ్రోకా ఒక నిర్ధారణకు వచ్చాడు: మనం ఎడమ అర్ధగోళంతో మాట్లాడతాము. ఎడమ అర్ధగోళంలోని ఆ చోటుకు బ్రోకా ప్రాంతం అని పేరు వచ్చింది.

ఇలా మెదడుకు దెబ్బ తగిలి మాటల శక్తి పోవటాన్ని అఫేసియా అంటారు. బ్రోకా ప్రాంతమూ దాని చుట్టుపక్కలా దెబ్బతిన్నవారు "అన్న ఊరినుంచి బస్సులో వచ్చాడు" అని చెప్పాలనుకుంటే, "అన్న... ఊరు... బస్సు..." అని ఆగిపోవచ్చు. చెప్పదలచింది తెలుసు. మాటలను అతికించే విభక్తులు, క్రియలు మాత్రం నోటికి రావు.

1874లో కార్ల్ వెర్నికె అనే జర్మన్ వైద్యుడు దీనికి తల్లకిందులుగా ఉన్న మరో రకాన్ని వివరించాడు. అప్పటికి ఆయన వయస్సు 26 ఏళ్ళే. ఈ రకం రోగులు గడగడా మాట్లాడతారు. కాని ఆ మాటల్లో అర్థం ఉండదు. ఎదుటివారు చెప్పేదీ వారికి సరిగా అర్థం కాదు. వీరి మెదడులో దెబ్బ కూడా ఎడమవైపే, కాని మరికాస్త వెనుకగా, చెవికి పైనున్న భాగంలో ఉంది. దానికి వెర్నికె ప్రాంతం అని పేరు.

వెర్నికె ఇక్కడితో ఆగలేదు. ఆయన ఇలా ఆలోచించాడు: విన్నమాటను పోల్చుకునే చోటు వెనుక ఉంది, మాటను పలికించే చోటు ముందు ఉంది. విన్నమాటను తిరిగి పలకాలంటే ఈ రెంటి మధ్యా ఒక దారి ఉండాలి కదా! ఆ దారి తెగితే ఏమవుతుంది?

విజయవాడకూ గుంటూరుకూ మధ్య కృష్ణానదిమీది వంతెనలన్నీ ఒకేసారి మూసేశారనుకోండి. విజయవాడలో బజారు మామూలుగానే నడుస్తుంది. గుంటూరులో మిర్చి యార్డూ నడుస్తుంది. రెండూళ్ళ మధ్య సరుకు మాత్రం కదలదు. అలాగే ఆ దారి తెగిన మనిషికి విన్నది అర్థమవుతుంది, మాట్లాడటమూ వస్తుంది. కాని మాటలు తప్పుగా దొర్లుతాయని వెర్నికె ఊహించాడు. తరవాత అటువంటి రోగులు నిజంగానే కనిపించారు. "నేను చెప్పిన వాక్యం మళ్ళీ చెప్పండి" అని అడిగితే, అది తెలిసి ఉండీ వారు చెప్పలేకపోతారు.

ఎడమచేతి వాటం ఉన్నవారి సంగతి?

మీ తరగతిలో ఎడమచేత్తో రాసేవారు ఒకరిద్దరైనా ఉంటారు. వారికి మాట కుడి అర్ధగోళంలో ఉంటుందా?

జూన్ వాడా అనే జపాన్ వైద్యుడు 1940ల చివర్లో ఇందుకు ఒక పరీక్ష కనిపెట్టాడు. మెడలో రెండువైపులా మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులున్నాయి. ఒకవైపు ధమనిలోకి మత్తుమందు ఎక్కిస్తే ఆవైపు అర్ధగోళం కొన్ని నిమిషాలు నిద్రపోతుంది. ఆ కాసేపట్లో రోగిని మాట్లాడించి చూస్తారు. మాట ఆగిపోతే, నిద్రపోయిన అర్ధగోళమే మాటల పని చూస్తోందన్నమాట. మూర్ఛవ్యాధికి మెదడు ఆపరేషన్ చేసేముందు, కత్తి మాటల చోటుకు తగలకుండా ఉండటానికి ఈ పరీక్ష చేసేవారు.

కెనడాలోని మాంట్రియల్‌లో రాస్ముసెన్, బ్రెండా మిల్నర్ ఇటువంటి పరీక్షల ఫలితాలను 1977లో ప్రకటించారు. చిన్ననాడు ఎడమ అర్ధగోళానికి దెబ్బ తగలనివారిని లెక్కలోకి తీసుకుంటే, కుడిచేతి వాటంగల వారిలో 96 శాతం మందికి మాట ఎడమ అర్ధగోళంలోనే ఉంది. ఎడమచేతి వాటంగల వారిలో కూడా 70 శాతం మందికి ఎడమవైపే! 15 శాతం మందికి కుడివైపు, తక్కిన 15 శాతం మందికి రెండు వైపులా ఉంది. కనుక ఎడమచేత్తో రాసే మీ స్నేహితుడి మెదడు తల్లకిందులుగా ఉందని అనుకోకండి.

మరి కుడి అర్ధగోళానికి మాటలు బొత్తిగా రావా? దీనికి రోజర్ స్పెర్రీ, మైకేల్ గజానిగా 1960లలో అమెరికాలో చేసిన ప్రయోగాలు కొంత జవాబిచ్చాయి. రెండు అర్ధగోళాలనూ కలుపుతూ సుమారు 20 కోట్ల తంతువులున్న మందపాటి కట్ట ఒకటుంది. దాని పేరు కార్పస్ కెలోసమ్. మూర్ఛ ఎంతకీ తగ్గని కొందరికి వైద్యులు ఆ కట్టను కోసివేశారు. అటువంటి రోగిని తెర మధ్యనున్న చుక్కను చూస్తూ ఉండమని, ఎడమపక్కన క్షణకాలం చెంచా బొమ్మ చూపించారు. అది కుడి అర్ధగోళానికి మాత్రమే చేరుతుంది. "ఏం చూశావు?" అంటే "ఏమీ లేదు" అన్నాడు. కాని తెర చాటున ఎడమచేత్తో తడిమి, సరిగ్గా చెంచానే తీసి ఇచ్చాడు! కుడి అర్ధగోళం చూసింది, తెలుసుకుంది. ఆ కబురు మాటగా మారటానికి ఎడమ అర్ధగోళానికి చేరే దారే లేదు. స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

గడ్డికట్టమీద నీళ్ళు

వంద సంవత్సరాలకు పైగా మెదడులోని దారులను చనిపోయినవారి మెదడులోనే చూడటం సాధ్యమయ్యేది. బతికున్న మనిషి మెదడులో వాటిని చూడటం 1990ల తరవాతనే వీలైంది. ఆ ఉపాయం చాలా చిత్రమైనది.

వరిగడ్డిని కట్టగా కట్టి నీళ్ళు పోయండి. నీరు గడ్డిపరకల పొడుగునా సులభంగా జారుతుంది. అడ్డంగా పోవటం కష్టం. మెదడులోని నాడీతంతువులు కూడా అలా కట్టలు కట్టలుగా ఉంటాయి. వాటిలోనూ వాటి మధ్యనూ ఉన్న నీటి అణువులు నిరంతరం కదులుతూనే ఉంటాయి. తంతువుల పొడుగునా ఎక్కువ దూరం, అడ్డంగా తక్కువ దూరం పోతాయి. ఎమ్.ఆర్.ఐ. యంత్రంతో ఈ కదలికను మెదడులో ప్రతి చిన్న భాగంలోనూ కొలవవచ్చు. నీరు ఏ దిక్కుకు ఎక్కువగా కదులుతోందో తెలిస్తే, తంతువులు ఏ దిక్కుగా సాగుతున్నాయో తెలుస్తుంది. కంప్యూటర్ ఆ దిక్కులన్నిటినీ ఒకదానికొకటి కలిపి దారుల పటం గీస్తుంది. ఇది కెమెరాతో తీసిన ఫోటో కాదు, కొలతలనుంచి లెక్క కట్టి వేసిన బొమ్మ. ఆ తేడా గుర్తుంచుకోవాలి.

ఈ పటాల్లో వెర్నికె ఊహించిన దారి కనిపిస్తుంది. అది చెవి పైభాగంనుంచి బయలుదేరి, వెనకకు వంగి, విల్లులా తిరిగి మెదడు ముందుభాగానికి చేరుతుంది. విల్లు ఆకారంలో ఉంది కనుకనే దానికి ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ అని లాటిన్ పేరు పెట్టారు. మనం దాన్ని విల్లుకట్ట అందాం.

2007లో మార్కో కటానీ, ఆయన సహచరులు కుడి ఎడమల విల్లుకట్టలను కొలిచి పోల్చారు. ముందూ వెనకల భాషాప్రాంతాలను నేరుగా కలిపే పొడుగాటి పాయ ఎడమవైపు బలంగా ఉంది. కుడివైపు సంగతి వేరు. సుమారు 60 శాతం మందిలో కుడివైపున ఆ పాయ కొలతకు అందనే లేదు. మరో 20 శాతం మందిలో ఉంది కాని ఎడమదానికంటే చిన్నది. తక్కినవారిలో రెండువైపులా దాదాపు సమానంగా ఉంది. అంటే ఈ దారి విషయంలో రెండు అర్ధగోళాలూ అద్దంలో ప్రతిబింబాల్లాంటివి కావు. అంతేకాదు, మనిషికీ మనిషికీ కూడా తేడా ఉంది.

మరుసటి సంవత్సరం, 2008లో, జేమ్స్ రిల్లింగ్ బృందం ఇదే పద్ధతితో మనుషులనూ చింపాంజీలనూ మకాక్ కోతులనూ పోల్చి చూసింది. మనిషిలో విల్లుకట్ట మాటల అర్థాలతో సంబంధమున్న కింది ప్రాంతాల్లోకి బాగా చొచ్చుకుపోయింది. చింపాంజీలో అది అంత దూరం సాగలేదు. కోతిలో మరీ తక్కువ.

ఇక్కడ మన టాన్ కథ మళ్ళీ వస్తుంది. బ్రోకా ఆ మెదడును ముక్కలుగా కోయకుండా సారాయిలో భద్రపరచాడు. నూటనలభై అయిదేళ్ళు గడిచాక నైనా డ్రాంకర్స్, ఫ్రాన్స్‌లోని సహచరులు బ్రోకా చూసిన ఇద్దరు రోగుల మెదళ్ళనూ ఎమ్.ఆర్.ఐ. యంత్రంలో పెట్టి చూశారు. 2007లో ఫలితాలు ప్రకటించారు. దెబ్బ పైకి కనిపించే బ్రోకా ప్రాంతంతో ఆగలేదు. చాలా లోతుకు పోయింది. ముందూ వెనకల భాగాలను కలిపే తంతువుల కట్టలు ఇద్దరిలోనూ దెబ్బతిని ఉన్నాయి! బ్రోకా కంటికి కనిపించింది పాడైన ఊరు. లోపల తెగిపోయిన దారి ఆయనకు కనిపించలేదు.

తనలో తాను మాట్లాడుకునే అర్ధగోళం

దారి ఉంటే చాలదు. దానిమీద రాకపోకలు ఎలా ఉన్నాయో కూడా చూడాలి. రాత్రిపూట మేడమీదనుంచి ఊరంతా చూస్తున్నారనుకోండి. దూరదూరంగా ఉన్న రెండిళ్ళలో దీపాలు ఎప్పుడూ ఒకేసారి వెలిగి, ఒకేసారి ఆరుతున్నాయి. ఆ రెంటికీ ఏదో సంబంధం ఉందని మీరు ఊహిస్తారు కదా! మెదడులో కూడా అంతే. ఒక ప్రాంతం ఎక్కువగా పని చేస్తున్నప్పుడు అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది. ఆ హెచ్చుతగ్గులను యంత్రం కొలుస్తుంది. ఏయే ప్రాంతాలు కలిసి హెచ్చి, కలిసి తగ్గుతున్నాయో చూస్తే, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయని తెలుస్తుంది.

ఇలాంటి కొలతలతో 2013లో అమెరికాలో స్టీఫెన్ గాట్స్ బృందం ఒక విషయం తేల్చింది. ఎడమ అర్ధగోళంలోని భాషాప్రాంతాలు ఎక్కువగా ఎడమవైపు ప్రాంతాలతోనే మాట్లాడుకుంటాయి. కుడి అర్ధగోళం తీరు అలా కాదు. వస్తువులు ఎక్కడున్నాయో గమనించే దాని ప్రాంతాలు రెండు అర్ధగోళాలతోనూ కలివిడిగా ఉంటాయి. ఎడమది తలుపు వేసుకుని లెక్కలు చూసుకునే ఇల్లయితే, కుడిది నాలుగు దిక్కులా తలుపులు తెరిచిన సత్రం.

మాటల పనికి ఎడమ పద్ధతి ఎందుకు అనువైనది? "పాలు" అనటానికీ "బాలు" అనటానికీ తేడా సెకనులో చాలా చిన్న భాగం. ఒక్క వాక్యం చెప్పేలోగా ధ్వనులు, పదాలు, విభక్తులు, క్రియ, వీటన్నిటినీ వరస తప్పకుండా కూర్చాలి. ఆ పని పంచుకునే ప్రాంతాలు దగ్గరదగ్గరగా ఉండి, మధ్య దారులు బలంగా ఉంటే కబురు త్వరగా చేరుతుంది. ప్రతిసారీ అవతలి అర్ధగోళానికి పోయి రావాలంటే ఆలస్యం. ఎడమవైపు ఏర్పాటుకు ఇది ఒక కారణం అయి ఉంటుందని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తారు.

అలాగని మాటల్లో కుడి అర్ధగోళానికి పని లేదనుకోకండి. మీరు ఆలస్యంగా ఇంటికి చేరారు. అమ్మ "వచ్చావా?" అంది. ఆ ఒక్క మాటలో సంతోషం ఉందో, కోపం ఉందో మీకు వెంటనే తెలిసిపోతుంది. మార్కులు తగ్గినప్పుడు మాస్టారు "బ్రహ్మాండంగా చదివావు!" అంటే అది మెప్పు కాదని కూడా తెలుస్తుంది. నిఘంటువులో వెతికితే ఈ అర్థాలు దొరకవు. గొంతు ఎత్తుపల్లాలను, మాట వెనకనున్న భావాన్ని, హాస్యాన్ని పట్టుకోవటంలో కుడి అర్ధగోళం పాత్ర చాలా పెద్దది. అక్కడ దెబ్బ తగిలినవారు వాక్యాలు సరిగానే చెబుతారు. కాని ఎదుటివారి గొంతులోని కోపాన్నీ, వెటకారాన్నీ పోల్చుకోలేకపోవచ్చు.

పుట్టినప్పుడు ఎలా ఉంటుంది?

పుట్టి రెండే రోజులైన పసిపాపలకు మాటలు వినిపిస్తూ శాస్త్రజ్ఞులు మెదడును పరిశీలించారు. 2011లో వెలువడిన ఆ ఫలితాలు ఆశ్చర్యం కలిగించాయి. పాపల మెదడులో కుడి ఎడమల భాషాప్రాంతాలు ఒకదానితో ఒకటి గట్టిగా కలిసి పనిచేస్తున్నాయి. కాని ఒకే అర్ధగోళంలో ముందూ వెనకల మధ్య సంబంధం బలహీనంగా ఉంది. పెద్దవారిలో ఇందుకు వ్యతిరేకం! వెర్నికె ప్రాంతంనుంచి బ్రోకా ప్రాంతం వరకూ సాగే విల్లుకట్ట పాయ పాపల్లో ఇంకా తయారుకాలేదు. పిల్లలు మాటలు వింటూ, పలుకుతూ, పెరుగుతూ ఉండగా ఆ దారి పడుతుంది.

2020లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగేళ్ళ వయసునుంచి పిల్లలను పరిశీలించారు. వాక్యాలు అర్థం చేసుకునేటప్పుడు నాలుగయిదేళ్ళ పిల్లల్లో ఎడమదానితోపాటు కుడి అర్ధగోళం కూడా బాగా పనిచేస్తోంది. వయసు పెరిగేకొద్దీ కుడివైపు పని తగ్గుతూ వచ్చింది.

దీనివల్ల ఒక గొప్ప మేలు ఉంది. కొందరు శిశువులకు పుట్టే సమయంలోనే మెదడులో రక్తప్రసారం ఆగి ఎడమ అర్ధగోళంలోని భాషాప్రాంతం నశిస్తుంది. పెద్దవారికి అదే దెబ్బ తగిలితే మాట పోతుంది. కాని ఆ శిశువులు పెద్దయ్యాక చూస్తే చక్కగా మాట్లాడుతున్నారు, చెప్పింది అర్థం చేసుకుంటున్నారు! 2022లో ఎలిస్సా న్యూపోర్ట్ బృందం అటువంటివారి మెదళ్ళను పరిశీలిస్తే, భాష కుడి అర్ధగోళంలో కనిపించింది. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. ఎడమవైపు ఉండవలసిన చోట్లకు సరిగ్గా ఎదురుగా, అద్దంలో బొమ్మలా ఉంది.

దారి తెగిన తరవాత

పెద్దవారిలో ఇంత సులభంగా మార్పు రాదు. అయినా కుడివైపు దారి వారికి కూడా పనికివస్తుంది. పక్షవాతంతో మాట పడిపోయిన కొందరు "నీళ్ళు కావాలి" అనలేరు. కాని తెలిసిన పాటను మాటలతో సహా పాడగలరు! దీన్ని వైద్యులు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు. 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ దీన్నే చికిత్సగా మార్చారు. రోగి ఎడమచేత్తో తాళం వేస్తూ, చిన్న చిన్న వాక్యాలను రాగం తీసి పలుకుతాడు. రోజులు గడిచేకొద్దీ రాగాన్ని తగ్గించి మామూలు మాటలోకి తీసుకువస్తారు.

2009లో గాట్‌ఫ్రీడ్ ష్లాగ్ బృందం ఈ చికిత్సను చాలా గట్టిగా పొందిన ఆరుగురు రోగుల మెదళ్ళను ముందూ తరవాతా కొలిచింది. వారి కుడివైపు విల్లుకట్టలో తంతువులు హెచ్చినట్లు కొలతల్లో తేలింది. ఆరుగురే కనుక దీన్ని తొలి సాక్ష్యంగా మాత్రమే తీసుకోవాలి. 2014లో స్టెఫానీ ఫోర్కెల్, కటానీ తదితరులు మరో సంగతి చెప్పారు. ఎడమ అర్ధగోళంలో పక్షవాతం వచ్చినవారిలో, మొదటినుంచీ కుడి విల్లుకట్ట పెద్దదిగా ఉన్నవారికి ఆరు నెలల తరవాత మాట మెరుగ్గా తిరిగివచ్చింది.

గుర్తుందా, కొందరికి కుడివైపు దారి దాదాపు ఎడమదానితో సమానంగా ఉంటుందని చెప్పుకున్నాం. కటానీ బృందం 2007లో వారికి పదాల జాబితాలు గుర్తుపెట్టుకునే పరీక్ష పెడితే, వారే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. గాట్స్ బృందం కొలతల్లోనేమో, ఎడమ అర్ధగోళం తనలో తాను ఎక్కువగా మాట్లాడుకునేవారు పదజాల పరీక్షల్లో మెరుగనిపించారు. మొదటిది దారిని కొలవటం, రెండోది రాకపోకలను కొలవటం. రెండు కొలతలూ ఒకటి కావు. అందువల్ల ఒక్క కొలతను పట్టుకుని ఈ మెదడు గొప్పది, ఆ మెదడు తక్కువది అని తీర్పు చెప్పటం సరికాదు.

"ఎడమ మెదడు మనుషులు లెక్కల్లో దిట్టలు, కుడి మెదడు మనుషులు కళాకారులు" అనే మాట మీరు వినే ఉంటారు. కుడి మెదడును మేలుకొలుపుతామని డబ్బు తీసుకునేవారు కూడా ఉన్నారు. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఏడునుంచి ఇరవై తొమ్మిదేళ్ళ లోపు 1,011 మంది మెదడు పటాలను పరిశీలించారు. కొన్ని పనులు ఒకవైపు మొగ్గి ఉన్న మాట నిజం. కాని మొత్తంమీద ఒకే అర్ధగోళం బలంగా ఉన్న మనుషులంటూ వారికి కనిపించలేదు. మీ మెదడులో నిద్రపోతున్న సగం ఏదీ లేదు. ఎవరైనా మేలుకొలుపుతామంటే డబ్బు ఇవ్వకండి.

ముఖం, చెయ్యి, మాట

ఇదంతా చదివిన మీరు ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరికీ చెప్పాలి. తాతయ్యకో, అమ్మమ్మకో ఉన్నట్టుండి మూతి ఒకవైపుకు లాగినట్లయినా, ఒక చెయ్యి పైకెత్తితే వాలిపోతున్నా, మాట ముద్దముద్దగా వస్తున్నా, మాట్లాడలేకపోతున్నా అది పక్షవాతం కావచ్చు. "కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది" అని ఊరుకోకూడదు. నాటువైద్యం కోసం తిరగకూడదు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే మందు ఉంది. దాన్ని సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. కనుక లక్షణాలు మొదలైన సమయం రాసిపెట్టుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. తలను పరీక్షించే సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళమని చెప్పండి.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పక్షవాతంతో మాట పోయినవారు ఇప్పటికే ఉన్నారనుకోండి. వారికి మతి పోయిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. టాన్‌కు లెక్క తెలుసు. లేనిది మాటకు దారి. అటువంటివారితో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోండి. గట్టిగా అరవనక్కరలేదు, వారికి చెవుడు లేదు. చిన్న చిన్న వాక్యాలు చెప్పండి. "కాఫీ కావాలా? మజ్జిగ కావాలా?" అని రెండూ చూపించి అడగండి. జవాబుకోసం ఆగండి. పది సెకన్లు పట్టినా, ఇరవై పట్టినా వారి మాటను మీరు పూర్తి చెయ్యకండి. వారికి ఇష్టమైన పాట ఏదైనా ఉంటే పక్కన కూర్చుని మొదలుపెట్టండి. రెండో చరణం దగ్గర వారు గొంతు కలిపినా కలపవచ్చు.